కర్రోడి కాపలా

గంగులయ్య గవ్వలపాళెంలో అడుగుపెట్టిన రోజున అతన్ని మొదట పలకరించింది మనిషి కాదు, నాగులమ్మ ఇంటి గడపలో అడ్డంగా పడుకున్న నల్లకుక్క. అది లేవనైనా లేవలేదు. పెదవి ఒక పక్కకు ఎత్తి, గొంతు అడుగున ఎక్కడో సన్నగా ఉరిమింది. నాగులమ్మకు కోకా రవికా పెట్టి మారుమనువు చేసుకుని, తలకు నూనె రాసుకుని, కొత్త పంచెతో వచ్చిన పెళ్లికొడుకు గడప బయటే ఆగిపోయాడు. వెనక వచ్చిన జనంలో ఒక్కరైనా కుక్కను ఛీ అనలేదు. పైగా పాళెం పెద్ద ముత్యాలయ్య ముందుకొచ్చి, రెండు చేతులూ జోడించి దాని ముందు వంగాడు.

"పోలేరన్నా, అలగబాక నాయనా. ఈయన మంచోడే. నీ తెప్ప నడిపేదానికి వచ్చినాడు. దారియ్యి" అన్నాడు.

గంగులయ్య పకపకా నవ్వేశాడు. నవ్వింది తనొక్కడేనని గ్రహించి నోరు మూసుకున్నాడు. కుక్క కాసేపు అతని కాళ్ల వైపు చూసి, లేచి, నాగులమ్మ పక్కకు పోయి నిలబడింది.

గంగులయ్య పులికాటు సరస్సు ఒడ్డున పుట్టినవాడు. నయాపైసలు కొత్తగా వచ్చి ఇంకా జనం నోటికి అలవాటు పడని కాలం అది. మొదటి పెళ్లాం కలరాలో పోయింది, పిల్లల్లేరు. నడివయసు వస్తున్నా నవ్వు మొహం పోలేదు. దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే, "చచ్చినోళ్ల తిప్పలు వాళ్లవి, మనతో వాళ్లకేం పని?" అని కొట్టిపారేసేవాడు. అలాంటి మనిషికి ఈ కాపురం రాసిపెట్టి ఉందని ఎవరనుకుంటారు?

పోలేరయ్య నాగులమ్మ మొదటి మొగుడు. అంతకు ముందటి ఏడు కార్తీక మాసం ముసురులో అతని తెప్ప తిరగబడింది. కూడా పోయినవాళ్లు ఈది ఒడ్డుకు వచ్చారు, అతను రాలేదు. శవమూ దొరకలేదు. చిన్నదినం నాడు సముద్రం ఒడ్డున ఆకు వేసి, అన్నం, వంజరం పులుసు, చాటుగా తెచ్చిన ఒక చుక్క సారా పెట్టి, కాకి కోసం చూశారు. కాకులు వచ్చాయి. వలలు ఆరేసిన గుంజల మీద వరసగా వాలి ఆకు వైపే చూశాయి గాని, ఒక్కటీ కిందికి దిగలేదు. పొద్దు నెత్తిమీదికి వచ్చింది. నాగులమ్మ తప్ప ఆడవాళ్లందరూ ఏడుస్తున్నారు.

అప్పుడు వచ్చింది కర్రోడు. పోలేరయ్య పెంచుకున్న కుక్క. నల్లగా ఉంటుందని ఆ పేరు. తెప్ప తిరగబడిన నాటినుంచి కనబడకుండా పోయినది, అలల అంచు వెంబడి నడిచి, ఒళ్లంతా తడిసి, జనం మధ్యలోంచి తిన్నగా ఆకు దగ్గరికి వచ్చి మెతుకు మిగల్చకుండా తినేసింది. తర్వాత ఇంటికి పోయి పోలేరయ్య చాప మీద పడుకుంది. నాగులమ్మ దాని వెనకే పోయి, చాప పక్కన కూలబడి, "వచ్చినావా" అంది. అంతే. ఆమె కంట చుక్క రాలేదు, ఆనాడే కాదు, ఆ తర్వాతా రాలేదు.

కాకి ముట్టని కూడు కుక్క తిన్నదంటే మనిషి కుక్కలోకి వచ్చినట్టేనని ముత్యాలయ్య తేల్చేశాడు. ఇక చూడాలి కర్రోడి వైభవం. ఏ తెప్ప ఒడ్డుకు వచ్చినా మొదటి చేప దానిదే. అది పడుకున్న చోటు మీదుగా ఎవరూ నడవరు. ఎదురొచ్చి ఉరిమితే పక్కకు తప్పుకుని దండం పెడతారు. ఉరిమితే చేప, ఉరిమితే దారి, ఉరిమితే దండం! ఏ కుక్క మాత్రం ఇంత సులువైన చదువు నేర్చుకోకుండా ఉంటుంది? పాళెం అంతా కలిసి దాన్ని నెత్తికెక్కించుకుని, అది నెత్తిన కూర్చుందని భయపడుతూ బతికింది.

ఆ ఇంట్లో అన్నం ముందు కుక్కకు. అది తిని మూతి నాక్కున్నాకే గంగులయ్యకు. పడకవేళ నాగులమ్మ చాపకూ అతని చాపకూ నడుమ అది పడుకునేది. అతను ఆమె వైపు చెయ్యి చాపితే చీకట్లో ఆ ఉరుము మొదలయ్యేది. చెయ్యి వెనక్కి తీసుకుంటే ఆగిపోయేది. పాళెంలో నీళ్లబావి దగ్గర ఆడవాళ్లు నాగులమ్మను వేళాకోళం చేసేవాళ్లు కాదు. "ఇద్దరు మొగుళ్లతో ఎట్టా వేగతా ఉండావే తల్లీ" అని నిజంగానే జాలిపడేవాళ్లు.

మొదట్లో గంగులయ్యకు ఇదంతా తమాషా. కాని ఒక సంగతి అతని కంటబడింది. ఇంటి వాకిలి పొట్టిది, లోపలికి పోవాలంటే మనిషి బాగా వంగాలి. కర్రోడు ఎప్పుడు బయటినుంచి వచ్చినా గడప దగ్గర నిలబడి కొంచెం తల పైకెత్తి ఆగేది. ముందు ఎవరో వంగి లోపలికి పోతుంటే వెనక కాచుకున్నట్టు ఆగేది. తర్వాతే తను వచ్చేది. పోలేరయ్య బతికి ఉన్నప్పుడు అతని వెనకే వచ్చే అలవాటని గంగులయ్య తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. అయినా అది ఆగినప్పుడల్లా ఇతని చూపు ఖాళీ వాకిలి మీదికి పోయేది. కొన్నాళ్లకు, కుక్క వెనక తను వస్తుంటే, తనూ అక్కడ ఆగుతున్నాడు.

మధ్యాహ్నాల్లో అది అలల అంచున నడిచేది. కుక్క నడిచే తీరు కాదు. అటూ ఇటూ వాసన చూడదు, పీతల వెంట పడదు, ఎవరి పక్కనో అడుగు కలుపుతూ నడిచినట్టు తిన్నగా పోతుంది. అప్పుడప్పుడు తల తిప్పి పైకి చూస్తుంది. ఎండకు ఇసక మిలమిలలాడుతుంటే, మనిషన్నవాడు లేని ఆ ఒడ్డున ఆ చూపు చూస్తే ఒళ్లు జలదరించేది. ఒకరోజు గంగులయ్య ఆ ఒడ్డుకు దిగి పోయి చూశాడు. ఇసకలో కుక్క అడుగులు తప్ప ఏమీ లేవు. వెతికినందుకు తనను తాను తిట్టుకుంటూ ఇంటికొచ్చాడు.

వచ్చేసరికి తడిక వెనకనుంచి నాగులమ్మ గొంతు వినబడింది. వేరే దారిన అప్పటికే ఇల్లు చేరిన కర్రోడికి అన్నం పెడుతోంది.

"ఆయన ఇంకా రాలేదులే, తిను. పులుసులో ఉప్పు సరిపోయిందా? ... నామీద కోపమెందుకు చెప్పు. తెప్ప ఇసకలో ఎండిపోతా ఉంటే ఎంతకాలమని చూస్తా?"

అని, ఎవరో జవాబు చెప్తుంటే విన్నట్టు కాసేపు ఊరుకుంది. తర్వాత నవ్వింది. గొంతు నిండుగా, సిగ్గుపడుతూ నవ్వింది. గంగులయ్య గుండె గుభేలుమంది, భయంతో మాత్రమే కాదు. కాపురానికి వచ్చినప్పటినుంచి ఆమె తన దగ్గర ఒక్కసారైనా అలా నవ్వలేదు. సముద్రంలో పోయినవాడి మీద, కుక్క మీద అసూయపడే రాత తనకు పట్టిందని అతనికి సిగ్గేసింది.

కోతల రోజుల్లో నాగులమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని, కొడవలూరు వైపు ఊళ్లకు పోయి వడ్లకు మార్చుకొచ్చేది. ఆమె ఊళ్లో లేని ఆ రోజుల్లో ఒక వింత జరిగింది. కర్రోడు ఉప్పుకాలవదాకా ఆమెను సాగనంపి తిరిగొచ్చి, గంగులయ్య కాళ్లకు ఒళ్లు రాసుకుంది. అతను వల కుట్టుకుంటుంటే పాదం మీద గడ్డం ఆనించి నిద్రపోయింది. చెయ్యి పెడితే తోక ఆడించింది. ఇదేంది అనుకున్నాడు. అయినా చెవులు నిమిరాడు. నాగులమ్మ తిరిగొచ్చే రోజున సరుగుడు తోపు దగ్గర ఆమె గంప కనబడింది. అతని చేతి కిందే కుక్క ఒళ్లు కొయ్యబారింది. మెత్తటి మెడ కర్రలా అయింది. లేచి, పోయి, ఆమె పక్కన చేరి, వెనక్కి తిరిగి ఇతన్ని చూసింది. అప్పటిదాకా లేనివాడెవడో దాని ఒంట్లోకి దిగినట్టే ఉంది. ఆనాటినుంచి గంగులయ్య దయ్యాల మీద నవ్వడం మానేశాడు.

కర్రోడు ఒడ్డున తిరిగే మధ్యాహ్నాల పుణ్యమా అని నాగులమ్మకు నెల తప్పింది. ఆ సంబరంలో అతను ఒక చీర తెచ్చి ఇవ్వబోతే కర్రోడు నడుమ దూరి ఉరిమింది. గంగులయ్యకు పట్టరాని కోపం వచ్చింది. మూలనున్న తెడ్డు తీసి కొట్టాడు. ఉరిమినంతసేపూ కొట్టాడు, ఉరమడం ఆగాక ఆపాడు. నాగులమ్మ గోడకు అంటుకుపోయి, "ఆయన తెడ్డుతోనే ఆయన్ని కొట్టినావే" అని గొణిగింది.

కుక్క ఇక ఉరమలేదు. ఆనాడే కాదు, ఆ తర్వాత చాలాకాలం ఉరమలేదు. గెలిచానని గంగులయ్య కొన్నాళ్లు మీసం మెలేశాడు. ఆ గెలుపు ఎంతో కాలం నిలవలేదు. అతను నాగులమ్మ దగ్గరికి పోయినప్పుడల్లా కుక్క కదలకుండా నిలబడి, తల కొంచెం వంచి, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఇతన్నే చూసేది. పెదవి లేచేది, కాని చప్పుడు లేదు. వెనకటి ఉరుములో ఏదో మాట ఉండేది. ఈ మౌనంలో ఏముందో తెలియక అతను అన్నం తింటూ మధ్యలో వెనక్కి తిరిగి చూసేవాడు. దీన్ని ఎక్కడైనా వదిలేద్దామంటే నాగులమ్మ ఒకటే మాట అంది. "వదిలితే నన్నూ కలిపి వదులు."

ఆడపిల్ల పుట్టింది. పోలేరమ్మ అని పెట్టమని ముత్యాలయ్య చెప్పించాడు. ఎందుకో అందరికీ తెలుసు. గంగులయ్య పట్టుబట్టి తన తల్లి పేరు మస్తానమ్మ అని పెట్టాడు. కర్రోడు ఉయ్యాల కింద చేరింది. ఆ ఉయ్యాల నాగులమ్మ కూర్చునే చోటు పక్కనే. ఒక సాయంకాలం బిడ్డ ఏడుస్తుంటే ఎత్తుకుందామని గంగులయ్య వంగాడు. ఏ చప్పుడూ లేకుండా కుక్క పళ్లు అతని ముంజేతిలో దిగాయి. దిగి, వదిలేసి, మళ్లీ ఉయ్యాల కింద పడుకుంది. నెత్తురు చాప మీద పడింది.

తెల్లారేసరికి పాళెమంతా పాకింది. పోలేరయ్య బిడ్డను ముట్టనివ్వడం లేదట. బిడ్డ తనదని చెప్తున్నాడట. ముత్యాలయ్య వచ్చి, గంగులయ్య భుజమ్మీద చెయ్యివేసి, "కొన్నాళ్లు బయట పాకలో పడుకో అబ్బయా. ఆయన శాంతిస్తాడు" అని మెల్లిగా చెప్పాడు. తెప్ప తనది కాదు, ఇల్లు తనది కాదు, పెళ్లాం సగమే తనది. ఇప్పుడు కన్నబిడ్డ కూడా తనది కాదన్నమాట! ఆ రోజు గంగులయ్య నిజంగా ఏడ్చాడు, తెప్ప చాటున కూర్చుని, ఎవరూ చూడకుండా.

చెయ్యి వాచిపోయింది. ఎండుచేపల మూటలు పడవకెక్కించడానికి ఉప్పుకాలవకు పోయినప్పుడు లాకు కాపలా తిమోతి అది చూశాడు. కాలవ అవతలి క్రైస్తవుల పేటవాడు, గంగులయ్య పాళెం వచ్చిన నాటినుంచి పరిచయం. సరుగుడు కట్టెల పడవ లాకులోకి వచ్చి నీళ్లు నిండేదాకా తనకు పనిలేదు కాబట్టి, కూర్చోబెట్టి గాయం కడిగి టింక్చరు పోశాడు.

"పిచ్చి గాని పట్టిందా దానికి? నీళ్లు తాగతా ఉండాదా?"

"తాగతా ఉండాది, తింటా ఉండాది. అంతా బాగానే ఉండాది." గంగులయ్య మొదలుపెట్టి, చీర దగ్గర్నుంచి ఉయ్యాల దాకా మొత్తం చెప్పేశాడు.

తిమోతి చిన్నప్పుడు నెల్లూరులో ఒక దొరసాని బంగళాలో కుక్కల్ని చూసుకునే పని చేశాడు. "ఉరమకుండా కొట్టినావా!" అని తల పట్టుకున్నాడు. "ఉరమడమంటే చెప్పడమన్నా. కరస్తా, ఎనక్కి పో అని చెప్పడం. చెప్పే నోరు నువ్వు మూసేస్తివి. ఇంకేం చేస్తది, చెప్పకుండా కరిసింది."

"నేను ఒక్కణ్ణే ఉంటే నా కాళ్ల మీదే నిద్దరపోద్ది తిమోతీ. ఆమె రాంగానే ఎవురో వచ్చినట్టు మారిపోద్ది."

"ఎవురూ రాలా. ఆమె వచ్చింది, అంతే. అది కాసేది ఇంటిని కాదు, చాపను కాదు, ఆమెను. దొరసాని దగ్గర ఒక కుక్క ఇట్టాంటిదే, ఆమె ఒళ్లో చేరి ఇంకెవుర్నీ దగ్గరికి రానిచ్చేది కాదు. నేను కర్ర తీస్తే దొరసాని నామీద గయ్యిమనేది. అది పళ్లు చూపితే చాలు, తనే లేచి, ఒక్క మాట అనకుండా, గదిలోంచి పోయేది. ఈమెకేమన్నా పిచ్చా అనుకున్నా. కొన్నాళ్లకు ఆ కుక్కే నాకు చోటిచ్చింది. దేనికోసం కొట్లాడతా ఉందో అదే లేచిపోతే, ఇంక కాసేదానికి ఏముంటది?"

"అయితే నేనేం చెయ్యాల?"

"అన్నం ముందు నువ్వు తిను, తర్వాత నీ చేత్తో దానికి పెట్టు. దాని తిండి లాక్కోబాక, కర్ర ముట్టుకోబాక. మిగతాదంతా మీ ఆమె చెయ్యాల్సిందే. అది బిగుసుకున్నప్పుడల్లా ఆమె వీపు తిప్పి లేచిపోవాల. మెత్తబడితే తిరిగి రావాల."

గంగులయ్య కాలవ నీళ్లకేసి చూస్తూ, "అది కుక్కయితే గదా ఇదంతా" అన్నాడు చిన్నగా.

తిమోతి లేచి లాకు తలుపు తిప్పుతూ, "మనిషయినా అంతే గదన్నా" అన్నాడు.

ఇంటికొచ్చి నాగులమ్మకు చెప్పాడు. కుక్క బయట నీడలో ఉంది. ఆమె మొహం పాలిపోయింది.

"వీపు తిప్పమంటావా? ఆయనకా? నావల్ల కాదయ్యా."

గవ్వలపాళెంలో ఒక కట్టడి ఉంది. తెప్ప నీళ్లలో దిగాక, అది ఆఖరి అల దాటేదాకా ఇంటి ఆడమనిషి సముద్రానికి వీపు చూపకూడదు. గంగులయ్య తెప్ప ఎక్కిన ప్రతిసారీ నాగులమ్మ నిలబడేది. ఎందుకంత బిగుసుకుపోయి నిలబడేదో అతనికి ఆ రోజే తెలిసింది.

"ఆ పొద్దు ముసురు పట్టి ఉంది. పోవద్దంటే ఇనలా. నాకు ఒళ్లు మండింది. పోతే పో అని తిరిగి వచ్చేసినా. తెప్ప అల దాటిందో లేదో చూడలా. కర్రోడు చూసినాడు. వాడు అక్కడే నిలబడినాడు, నేను నిలబడలా. అందరూ ఏడస్తా ఉంటే నేనెట్టా ఏడ్చేది? చంపుకున్నది నేనే గదా. మళ్లీ వచ్చినాడు గదా అని బతికినా. ఇంకోసారి వీపు చూపమంటావా?"

బయట కుక్క తలెత్తి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. ఆ చూపు కింద గంగులయ్యకు తన సందేహం కూడా బలపడింది. ఇంత నమ్మకంగా ఒకరు పిలుస్తుంటే పోయినవాడు మాత్రం రాకుండా ఉంటాడా?

మస్తానమ్మ పాకడం మొదలుపెట్టింది. ఒకనాటి మధ్యాహ్నం, గాలి స్తంభించిన వేళ, నాగులమ్మ వెనక గోడకు ఆనుకుని కూర్చుని చేపలు తరుగుతోంది. పక్కన కర్రోడు. గంగులయ్య వాకిట్లో వల ఆరేస్తున్నాడు. బిడ్డ ఇంటి నడిమినుంచి తల్లిని చూసి నవ్వుకుంటూ పాకసాగింది. సగం దూరం వచ్చింది. కుక్క లేచింది. తల్లికీ బిడ్డకూ నడుమ వచ్చి అడ్డంగా నిలిచింది. మెడ కొయ్యబారింది. పెదవి లేచి పళ్లు కనబడ్డాయి. చిన్న చప్పుడైనా లేదు. బిడ్డ ఆ పళ్లు చూసి ఇంకా నవ్వి, ఇంకొంచెం ముందుకు పాకింది.

గంగులయ్య వాకిట్లోంచి ఇదంతా చూశాడు. తను పరిగెత్తితే కుక్క బిడ్డ మీదికి పోవచ్చు, కేకేస్తే పోవచ్చు. నాగులమ్మ అతని వైపు చూసింది. ఆమె కళ్లలో అంత భయం అతను ఎన్నడూ చూడలేదు.

"లేచిపో నాగులూ" అన్నాడు, గొంతు పెంచకుండా. "పెరటి వాకిలికి పో. ఎనక్కి చూడబాక."

ఒకవైపు పళ్ల ముందు కన్నబిడ్డ. ఒకవైపు తను ఒకసారి వీపు చూపి పోగొట్టుకున్నవాడు. ఇద్దరికీ ఒకేసారి వీపు తిప్పమంటున్నాడు. నాగులమ్మ కత్తిపీట పక్కకు నెట్టి లేచింది. గోడ పట్టుకుని నిలబడింది. పెదవులు కదిలాయి, ఎవరికో ఏదో చెప్పింది. తర్వాత తిరిగి, పెరటి వాకిలి వైపు నడిచి, వంగి, బయటికి పోయింది. ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

ఇంట్లో కాసేపు ఏమీ కదలలేదు. కుక్క, ఆమె కూర్చున్న ఖాళీ చోటు వైపు చూసింది. మెడ మీద నిక్కబొడుచుకున్న వెంట్రుకలు మెల్లగా పడిపోయాయి. తను ఏం కాస్తోందో మరిచిపోయినట్టు అటూ ఇటూ చూసి, తోక దించుకుని, ఆమె పోయిన వాకిలి వైపు నడిచింది. గంగులయ్య ఒక్క ఉదుటున వచ్చి బిడ్డను ఎత్తుకున్నాడు. పెరట్లో నాగులమ్మ సముద్రానికి వీపు పెట్టి, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడి ఉంది. "ఉందా?" అంది. "ఉందే. నా చేతుల్లో ఉంది" అన్నాడతను.

ఆ తర్వాత పని సులువయిందని కాదు. బిడ్డ ఒంటరిగా నేల మీదికి దిగితే కుక్క తడిక అవతల ఉండాలన్నది మొదటి కట్టడి. కర్రోడు బిగుసుకున్నప్పుడల్లా నాగులమ్మ లేచిపోయేది. అన్నం మధ్యలో, మాట మధ్యలో, తల దువ్వుకుంటూ సగం జడతో లేచిపోయేది. మొదట్లో పోయిన ప్రతిసారీ తిరిగి వచ్చేసరికి ఆమె మొహం ఇంకొంచెం పీక్కుపోయి ఉండేది. గంగులయ్య ముందు తను తిని, తన చేత్తో దానికి పెట్టాడు. దాని పడక చూరు కిందికి మారింది. పోలేరన్నను బయట పడుకోబెట్టారని ముత్యాలయ్య మండిపడ్డాడు. "నీకు అంత ఇదిగా ఉంటే మీ ఇంటికి తీసకపో అన్నా, నీ చాప పక్కనే పడుకోబెట్టుకో" అని గంగులయ్య అనేసరికి, ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

చాలా రోజులకు, గంగులయ్య చూసుకోకుండా దాని అన్నం తట్ట దాటబోతే, కర్రోడు ఉరిమింది. అదే పాత ఉరుము, గొంతు అడుగునుంచి. అతను ఆగిపోయి, వెనక్కి తగ్గి, పెళ్లాన్ని కేకేసి పిలిచాడు. "ఉరిమిందే! నాగులూ, మళ్లీ ఉరిమింది!" కరిచే ముందు చెప్పే నోరు తిరిగొచ్చినందుకు అతనికి పట్టరాని సంతోషంగా ఉంది. కుక్క ఉరిమితే పండగ చేసుకునే మనిషి పాళెంలో అతనొక్కడే.

కొన్నాళ్లకు ఆ ఉరమడం కూడా తగ్గింది. గంగులయ్య వచ్చి నాగులమ్మ పక్కన కూర్చుంటే కర్రోడు చూసి, ఆవులించి, ఇంకో పక్కకు తిరిగి పడుకునేది.

ఒకరోజు సాయంకాలం, తెప్పలు వచ్చేశాక, ముగ్గురూ ఇంటిముందు ఇసకలో కూర్చున్నారు. బిడ్డ తల్లి ఒళ్లో ఉంది. కర్రోడు గంగులయ్య దగ్గరికి వచ్చి, వెల్లకిలా పొర్లి, నాలుగు కాళ్లూ పైకెత్తి, పొట్ట గీకమని మూలిగింది. నాగులమ్మ చూస్తుండగానే. అతను గీకుతుంటే వెనక కాలు దానంతటదే తన్నుకుంది. నోరు తెరిచి నాలుక పక్కకు వేలాడేసింది. మీసాలకు ఇసక అంటుకుని ఉంది.

నాగులమ్మ చాలాసేపు దానికేసి చూసింది.

"ఇది కుక్కేనయ్యా" అంది.

గంగులయ్య చెయ్యి ఆగిపోయింది. ఆమె బిడ్డను అతని ఒళ్లో పెట్టి లేచింది. "కుక్కే. ఉత్త కుక్కే" అంటూ నాలుగడుగులు వేసి, మోకాళ్ల మీద పడి, గుండెలు బాదుకుని ఏడుపు అందుకుంది. పోలేరయ్యను పేరు పెట్టి పిలిచి, అతని తెప్పను తలచి, అతని తెడ్డును తలచి, తనను తాను తిట్టుకుని, శవం ఇంట్లో ఉన్నప్పుడు ఏడ్చే ఏడుపు ఏడ్చింది. గంగులయ్య కోరుకున్నది ఇదే. కోరుకున్నది చేతికొచ్చాక, ఇంకొకడి కోసం తన పెళ్లాం ఏడ్చే ఏడుపు వింటూ బిడ్డను గుండెకు అదుముకున్నాడు. అతని కళ్లలోనూ నీళ్లు తిరిగాయి.

ఆ ఏడుపు విని పాళెం ఆడవాళ్లు ఇళ్లలోంచి పరిగెత్తుకొచ్చారు. ఎవరికేమయిందో తెలియక, బిడ్డను చూసి, కుక్కను చూసి, చుట్టూ మూగారు.

"ఏమయిందన్నా? ఎవురు పోయినారు?" అని అందరికంటే ముందొచ్చిన పిచ్చమ్మ అడిగింది.

"పోలేరన్న పోయినాడక్కా" అన్నాడు గంగులయ్య.